అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిందా? పంతం పట్టకండి

విండోస్ 11 ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోయి, సిస్టం మళ్లీ పాత విండోస్ 10తోనే తెరుచుకుంటే సంతోషించండి. ఇదే నా మొదటి సలహా. తలకిందులుగా తోస్తుందని తెలిసే, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కొత్తది నిలబడలేదని గుర్తించి, పాతదాన్నీ మీ ఫైళ్లనూ యంత్రం ఎక్కడివక్కడ పెట్టేసింది. అసలు నష్టం ఎక్కువగా ఆ తర్వాతే జరుగుతుంది. ఎలాగైనా ఎక్కించి తీరాలని మనం కూర్చున్నప్పుడు.

కావలి నుంచి అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు దాకా మన తీరంలో ఇళ్లలోని కంప్యూటర్లలో ఏముంటుందో ఒకసారి చూడండి. ఒక ఇంట్లో రొయ్యల గుంటల లెక్కలు: ఎంత పిల్ల వదిలారు, రోజుకెంత మేత పడింది, ఏ కౌంట్‌లో పట్టుబడి అయింది, మేత డీలరుకు ఇంకా ఎంత బాకీ. పక్కనే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ స్కాన్ కాపీ, గుంట లీజు కాగితాలు. ఇంకో ఇంట్లో ముందు గదే డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఏళ్ల తరబడి కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు, దస్తావేజుల చిత్తుప్రతులు. వీటిలో చాలావాటికి రెండో కాపీ ఎక్కడా ఉండదు. విండోస్ మళ్లీ దొరుకుతుంది, ఇవి దొరకవు.

అందుకని అప్‌గ్రేడ్ విఫలమైన రోజు అప్‌గ్రేడ్ జోలికే వెళ్లకండి. ఒక బయటి హార్డ్‌డిస్క్ తెచ్చి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ కాపీ చేయండి. అను ఫాంట్లు వాడేవాళ్లు ఫైళ్లతో పాటు ఫాంట్లను కూడా విడిగా దాచుకోవాలి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే మీ తెలుగంతా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. ముఖ్యమైన వాటికి ఫాంట్లు ఇమిడిపోయేలా పీడీఎఫ్ తీసి పెట్టుకుంటే, చదువుకోవడానికైనా ఎక్కడైనా తెరుచుకుంటాయి.

రెండో సలహా: ఫార్మాట్ కొట్టించకండి. ‘కొట్టేద్దాం సార్, గంటలో ఇచ్చేస్తా, డీ డ్రైవ్‌కి ఏమీ కాదు’ అని షాపు కుర్రాడు అంటాడు. అతని ఉద్దేశం మంచిదే. కానీ మనలో చాలామంది దాచుకునేది డెస్క్‌టాప్ మీదే, డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లో. కొత్త విండోస్ కోసం పార్టిషన్లు మార్చాల్సి వస్తే డీ డ్రైవ్‌కి కూడా భరోసా లేదు. పైగా ఫార్మాట్‌తో పాటు అప్‌గ్రేడ్ ఎందుకు ఆగిందో చెప్పే ఆధారం కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ ఆధారం ఎర్రర్ కోడ్. రొయ్య మేత ముట్టకపోతే ఏ రైతూ ఇంకో బస్తా కుమ్మరించడు, చెక్‌ట్రే పైకెత్తి చూస్తాడు. ఇక్కడా అంతే, మళ్లీ మళ్లీ బటన్ నొక్కే ముందు ఆ నంబరు కాగితం మీద రాసుకోండి. సీ1900101 అని ఉంటే ఎక్కువగా డ్రైవర్ గొడవ. సీ1900208 అయితే కొత్త విండోస్‌కు సరిపడని సాఫ్ట్‌వేర్ ఏదో అడ్డుపడుతోంది. 80070070 అంటే డిస్క్‌లో జాగా చాల్లేదు. కొన్నిసార్లు పక్కనే రెండో నంబరు ఉంటుంది. దాంట్లో ఎక్స్ తర్వాతి అంకె చూడండి: 2 అయితే మొదటి రీస్టార్ట్ తర్వాత పని చేసే చిన్న విండోస్ దశలోనే, 3 అయితే కొత్త విండోస్ మొదటిసారి లేచేటప్పుడు, 4 అయితే రెండోసారి లేచేటప్పుడు ఆగిందని లెక్క. దీన్ని చూస్తే బాగుచేసేవాడికి సగం పని తప్పుతుంది.

డ్రైవర్ గొడవైతే కీబోర్డ్, మౌస్, మానిటర్ తప్ప అన్నీ పీకేయండి. ప్రింటర్, వేలిముద్రల మెషీన్, పెన్‌డ్రైవ్ ఏదీ ఉండకూడదు. బయటి యాంటీవైరస్ కూడా తీసేయండి. అయినా అదే చోట ఆగుతుంటే ర్యామ్‌ను, హార్డ్‌డిస్క్‌ను అనుమానించండి. సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి లోపలి కాంటాక్టులు తుప్పు పడతాయి. రోజువారీ పనిలో బయటపడని ఆ లోపం గంటల తరబడి సాగే అప్‌గ్రేడ్‌లో బయటపడుతుంది. డిస్క్ ఆరోగ్యం చూడకుండా ఇంకోసారి ప్రయత్నించడం ఆ ఫైళ్లతో పందెం కాయడమే.

కరెంటు గురించి గట్టిగా చెప్పాలి. గుంటల ఏరియేటర్లు తిరిగే లైను మీద, వాటి జనరేటర్ మీద అప్‌గ్రేడ్ పెట్టకండి. మోటర్లు ఒక్కసారి లేచినప్పుడు వోల్టేజి పడిపోతుంది. ఇంట్లో చిన్న యూపీఎస్ ఉన్నా అది సిస్టంను పద్ధతిగా ఆపుకునేంత సేపే ఆదుకుంటుంది. ఇక కాలం సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. మన నెల్లూరుకు వానల్లో పెద్ద వాటా ఇచ్చే ఈశాన్య రుతుపవనాలు, వాటి వెంట తుపాన్లు మొదలయ్యేదీ అప్పుడే. గడువు దాటిందని కంగారుపడి వాయుగుండం రోజుల్లో మొదలుపెట్టొద్దు, సంక్రాంతి వెళ్లనివ్వండి. భద్రతా అప్‌డేట్ల కోసం పొడిగింపు పథకంలో పేరు నమోదు చేసుకుంటే ఇళ్లవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు వ్యవధి ఇచ్చారు.

మీ సిస్టంకు అర్హత లేదని చెబితే ఒక్కసారి బయోస్‌లో చూడండి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండి కూడా ఆపేసి ఉండొచ్చు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది. దాన్ని కదిలించే ముందు బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. అది లేకపోతే మీ డిస్క్ మీకే తెరుచుకోదు. ప్రాసెసరే పాతదైతే మాత్రం అడ్డదారిలో ఎక్కించే చిట్కాలు వద్దు. అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. కోర్ టూ డ్యూయో లాంటి మరీ పాత వాటి మీద 24హెచ్2 వర్షన్ అసలు లేవదు.

అప్‌గ్రేడ్ సవ్యంగా ముగిసిన ఇళ్లకు కూడా ఒక మాట. పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే దారి మామూలుగా 10 రోజులే తెరిచి ఉంటుంది. దాన్ని 60 రోజుల వరకు పెంచుకోవచ్చు, బాగుచేసే మనిషిని అడిగి మొదటిరోజే పెంచండి. జాగా కోసమని విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ను తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. స్కానర్, ప్రింటర్, పేజ్‌మేకర్, మేత లెక్కల ఎక్సెల్ అన్నీ ఆ వ్యవధిలోనే ఒక్కోటీ నడిపి చూడండి.

డీటీపీ వాళ్లకు నేనిచ్చే సలహా కొందరికి మొండితనంగా అనిపిస్తుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఇక కొత్త వర్షన్ రాదు. అది హాయిగా నడుస్తున్న సిస్టంను అలాగే ఉంచండి. ఇంటర్నెట్ మాత్రం పూర్తిగా తీసేయండి: వైఫై వద్దు, కేబుల్ వద్దు. మెయిళ్లకు, బ్యాంకు పనికి, మీసేవకు వేరే యంత్రం పెట్టుకోండి. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను ముందు ఆ రెండో యంత్రంలో వైరస్ స్కాన్ చేసి, ఆ తర్వాతే పాతదానికి తగిలించండి.