పైవాడి గోడు

ఉక్కు తీగలో ఒక తునకని నేను. కాల్చకుండానే అచ్చులో పెట్టి గుద్ది నాకు తల పుట్టించారు. నా మరలు కోసినవి కావు, రెండు అచ్చుల మధ్య దొర్లించి నొక్కినవి. అందుకే అంత గట్టివి. తల మీద 8.8 అని ముద్ర వేశారు. చాలామంది దాన్ని సైజు అనుకుంటారు. కాదు. మొదటి 8కి అర్థం, చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల లాగుడు దాకా తెగకుండా ఓర్చుకుంటానని. చుక్క తర్వాతి 8కి అర్థం, అందులో 80 శాతం దాటితే సాగిపోయి మళ్లీ మామూలు మనిషిని కాలేనని. తలరాత అంటే అక్షరాలా నాదే.

కొలువు ఒక చిన్న కారులో దొరికింది. సెల్ఫ్ మోటారుని గేరుబాక్సు గూటికి పట్టి ఉంచడం నా పని. ఇద్దరం. కిందివాడు అదృష్టవంతుడు, కారు జాకీ మీద ఎత్తితే చేతికందుతాడు. నేను పైవాణ్ణి. ముందు ఇంజను, వెనక రేకు గోడ, నెత్తిన ఇన్‌టేక్ మానిఫోల్డు. ఇక్కడికి 14 నంబరు పానా ఎలా వస్తుందని బొమ్మ గీసినాయన ఆలోచించినట్టు లేదు. ఫ్యాక్టరీలో ముందు నన్ను బిగించి, ఆ తర్వాతే ఇంజనుని కారులోకి దింపారు. విప్పే రోజు ఆయనది కాదుగా!

నన్ను బిగించడమంటే వెంట్రుకవాసి సాగదీయడమే. కుదించుకుపోదామని నేను లాగుతూ ఉంటాను, ఆ లాగుడుకే మోటారు కదలకుండా కూర్చుంటుంది. పానా మీద పెట్టిన బలంలో ఇందుకు పనికొచ్చేది దాదాపు పదోవంతు. మిగతాదంతా తల కిందా మరల మధ్యా రాపిడికే చెల్లు.

కారు యజమాని మాస్టారిది బందరు. రాత్రుళ్లు బండి ఆరుబయట వేపచెట్టు కింద పడుకునేది. నేను ఉక్కు, నా గూడు అల్యూమినియం, మధ్యలో సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు తేమ. ఇంకేముంది, చిన్న బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం తెల్లటి పొడిగా మారి, ఉబ్బి, నా మరలని కరిచిపట్టుకుంది. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

ఒకరోజు తాళం తిప్పితే టిక్కుమంది తప్ప ఇంజను తిరగలేదు. నలుగురు తోస్తే స్టార్టయి, బెజవాడ ఆటోనగర్ చేరాం. లారీలకు బాడీలు కట్టే సుత్తి మోతల మధ్య ఒక చిన్న షెడ్డు. బ్యాటరీ మైనస్ తీగ తీశారు, కిందివాణ్ణి విప్పారు, నా దగ్గరికొచ్చి ఆగారు.

కుర్రాడు ఫోను కెమెరాని సందులోకి దూర్చి నన్ను చూశాడు. తొమ్మిదేళ్లలో నా మొహం చూసిన మొదటి మనిషి. రింగు పానా తగిలించాడు. దానికి 12 మూలలుంటాయి కాబట్టి గడియారంలో చిన్నముల్లు గంటలో జరిగేంత చోటున్నా కొత్త పట్టు దొరుకుతుంది. అక్కడ ఉన్నది సరిగ్గా అంతే. కానీ పానా వాలుగా కూర్చుంది. వాడు ఒక్క గుంజు గుంజాడు. జారింది. నా తల ఒక మూల అరిగింది, వాడి వేలి కణుపు చీరుకుంది.

"బాబాయ్, మొండి బోల్టు! రావట్లేదు."

మొండి నేనా? పట్టుకోమని పెట్టారు, పట్టుకున్నాను.

మేస్త్రి వచ్చాడు. "ఆగరా. తల పూర్తిగా అరిగిందంటే మానిఫోల్డు మొత్తం ఊడదీయాలి." తుప్పు వదిలించే నూనె చల్లి టీ తాగడానికి పోయాడు. అరగంట తర్వాత ఆరు పలకల సాకెట్ తీశాడు. అది మూలల్ని కాదు, పలకల్ని పట్టుకుంటుంది. దానికి మెడ తిరిగే జాయింటు తగిలించి, మెడ వేలాడిపోకుండా టేపు చుట్టాడు. ఆ వెనక ఒకదానికొకటి రెండు పొడుగు రాడ్లు. పిడి ఎక్కడో గేరుబాక్సు పైన తేలింది. కళ్లు మూసుకున్నాడు. ముందు విప్పలేదు, బిగించే వైపు ఇసుమంత కదిపాడు. నా చుట్టూ పొడి పెళుసుగా విరిగింది. అప్పుడు ఎడమకి. కిర్రుమన్నాను.

మోటారులో అరిగిన కార్బన్ బ్రష్షులు మార్చారు. నా బదులు కొత్తది వేద్దామని కుర్రాడు పాత డబ్బాలో వెతికి ఒకదాన్ని తెచ్చాడు. లావు అదే, మర వేరు. రెండు చుట్లకే బిగుసుకుంది.

"ఆపు! గూట్లో మర పోతుంది."

"కిందిది బిగిస్తే చాలదా బాబాయ్? పైది ఎవరు చూస్తారు?"

మేస్త్రి మాట్లాడలేదు. చెయ్యి చాపాడు. కుర్రాడు నన్ను వైరు బ్రష్షుతో రుద్ది, మరలకి కాస్త గ్రీజు రాసి ఆ చేతిలో పెట్టాడు. మేస్త్రి వేళ్లతోనే మొదటి నాలుగు చుట్లు తిప్పాడు. ఆ తర్వాత పిడి కుర్రాడికిచ్చాడు.

"కళ్లు మూసుకో," అన్నాడు.