గరుడాద్రి కింద కొండచిలువ

నా మూత తెరిస్తే ముందు కనిపించేది కుంకుమ బొట్టు. ప్రతి దసరాకీ మా అమ్మ పెడుతుంది. ఒక ఏడాది సరిగ్గా కెమెరా కంటి మీదే పెట్టేసింది. అప్పట్నించీ నాకు లోకం ఎర్రగానే కనిపిస్తుంది.

నేనొక ల్యాప్‌టాప్‌ని. వయసు పదిహేనేళ్లు. మా జాతిలో అది తొంభై కింద లెక్క. వయసులో ఉన్నప్పుడు అమీర్‌పేట హాస్టల్ గదుల్లో బతికాను. మా అబ్బాయి పెదనాన్న కొడుకు ఉద్యోగం రాగానే కొత్తది కొనుక్కుని, నన్ను ఉప్మాక అనే ఈ ఊరికి పంపేశాడు. ఇక్కడ నాన్నది కొండ కింద కొబ్బరికాయల కొట్టు. ఇల్లంతా పీచే. నా ఫ్యానులోకీ దూరుతుంది. నెలకోసారి అబ్బాయి నన్ను బోర్లా పడుకోబెట్టి, స్క్రూలు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో దులిపితే చిటికెడు పీచు రాలుతుంది. బ్యాటరీ చచ్చి నాలుగేళ్లయింది. వైరు పీకారా, నా పని అయిపోయినట్టే.

నాతో వచ్చిన విండోస్‌ని ఇక మోయలేక నేను ఆయాసపడుతుంటే అబ్బాయి దాన్ని తీసేసి లినక్స్ వేశాడు. పైసా పెట్టక్కర్లేదు. దాంతోపాటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా వచ్చింది.

"పైథాన్ అంటే ఏట్రా?" అన్నాడు నాన్న.

"కొండచిలువ."

నాన్న కిటికీలోంచి కొండ వైపు చూశాడు. "ఒరే, గరుత్మంతుడి నీడన కూకోని పాముని పెంచుతున్నావేట్రా!"

మా కొండ పేరు గరుడాద్రి. వెంకటేశ్వరస్వామి కోసం గరుత్మంతుడే కొండై కూర్చున్నాడని ఊళ్లో అంటారు. పాపం, ఆ భాష పేరులో పాము లేనే లేదు. గైడో వాన్ రోసమ్ అనే డచ్చాయన 1989 క్రిస్మస్ సెలవుల్లో ఊసుపోక మొదలుపెట్టి, 1991 ఫిబ్రవరిలో అందరికీ పంచిపెట్టాడు. బీబీసీలో వచ్చిన మాంటీ పైథాన్ అనే హాస్య కార్యక్రమమంటే ఆయనకి ఇష్టం. ఆ పేరే పెట్టాడు. ఇదంతా అబ్బాయి విడమరిచి చెప్పాడు. నాన్న విన్నాడు. అయినా ఆయనకి పాము పామే.

నేను పనికొస్తానని ఊరికి తెలిసింది వినాయక చవితి చందాల దగ్గర. వీధి కుర్రాళ్లు నోట్‌బుక్‌లో రాసుకొచ్చిన పేర్లని అబ్బాయి నాలోకి ఎక్కించి, ఎడమ పక్క పేరు, కుడి పక్క రూపాయలు వచ్చేలా ప్రోగ్రామ్ రాశాడు. అచ్చు తీస్తే రూపాయల వరస కాస్తా పాము నడకలా వంకర్లు తిరిగింది. తప్పు నాది కాదు. 'శ్రీను' అంటే మీ కంటికి రెండక్షరాలు. నా లెక్కలో ఆరు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, న, కొమ్ము. ఇది పైథాన్ మూడో అవతారం లెక్క. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నాలో ఉండేది రెండోది. దానికైతే అదే శ్రీను పద్దెనిమిది! ఒక్కో ముక్కనీ మూడేసి బైట్లుగా లెక్కపెట్టేది. ఆ రెండో పైథాన్‌కి 2020 జనవరి 1తో నీళ్లొదిలేశారు.

పొల్లు కనిపిస్తే వెనకా ముందూ కలిపి ఒకటిగా చూడమనీ, గుణింతం గుర్తుని విడిగా లెక్కపెట్టొద్దనీ అబ్బాయి ఓ ఏడెనిమిది వరసలు రాశాడు. శ్రీను రెండక్షరాలయ్యాడు. వరస కుదిరింది. నిమజ్జనం నాడు మైకులో నా కాగితం చూసే చదివారు: ఫలానా వారు నూట పదహార్లు, ఫలానా వారు అయిదు వందల పదహార్లు.

ఆ కాగితం చూశాకే నాన్నకి అనుమానం వచ్చింది. "మరి నీ పాముని మేపేదెవురు?"

నాన్న అడిగేదాకా అది అబ్బాయికీ తట్టలేదు. ఎవరికి తడుతుంది? 'పిప్ ఇన్‌స్టాల్' అని కొడితే కావలసిన ప్రోగ్రామ్‌ల మూట వచ్చి నా ఒళ్లో పడుతుంది. ఆ మూటలుండే కొట్టు పేరు పైపీఐ. రోజుకి వంద కోట్లకి పైగా మూటలు దిగుతాయి అక్కడ్నించి. ఒక్కదానికీ బిల్లు లేదు. రవాణా భారం ఫాస్ట్‌లీ అనే కంపెనీ ఉచితంగా మోస్తుంది. మూటలు కట్టేవాళ్లలో చాలామందికి జీతాల్లేవు. కొట్టుకి కాపలా కాసేది, భాష బాగోగులు చూసేది 2001లో అమెరికాలో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ, పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్. 2025 నాటికి ఉద్యోగులు 14 మంది. ఏడాది బడ్జెట్ సుమారు 50 లక్షల డాలర్లు. ప్రపంచంలో బ్యాంకుల నుంచి రాకెట్లు ఎగరేసేవాళ్ల దాకా వాడే సరుక్కి ఈ లెక్క ఏమంత పెద్దదో మీరే చెప్పండి. కంపెనీలు స్పాన్సర్లుగా ఇస్తాయి, మనుషులు సభ్యత్వం కట్టి ఇస్తారు. ఊరూరా శిక్షణలకీ సభలకీ ఆ సంస్థ ఇచ్చే చిన్న గ్రాంట్లు 2025లో ఏడాది మధ్యలోనే ఆగిపోయాయి, డబ్బు చాలక.

మన దేశంలోనూ లేకపోలేదు ఈ చింత. జెరోధా అనే స్టాక్ బ్రోకర్ కంపెనీ వాళ్లు 2024లో ఏటా 10 లక్షల డాలర్లతో ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఒక నిధి పెట్టారు. దేశదేశాల ప్రాజెక్టులూ అడగొచ్చు. హైదరాబాద్‌లో పైథాన్ వాడేవాళ్ల సభ పైకాన్ ఇండియా 2018లో ఒకసారి, 2023లో ఒకసారి జరిగింది. రెండోదానికి నన్ను తీసుకెళ్లాలని అబ్బాయి అనుకున్నాడు గానీ, చచ్చిన బ్యాటరీతో రైల్లో నేనెందుకని ఇంట్లోనే వదిలేశాడు. ఆ కోపం నాకింకా ఉంది.

ఇక అసలు కబురు. 2025 అక్టోబర్ నెలాఖరు. మోంథా తుపాను వస్తోందని ఊళ్లో గోల. కొట్టు మీద టార్పాలిన్ కట్టి వచ్చి అబ్బాయి నా ముందు కూర్చున్నాడు. అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థ నుంచి ఆ ఫౌండేషన్‌కి 15 లక్షల డాలర్ల గ్రాంటు మంజూరుకి సిఫారసైందట. పైపీఐలోకి దొంగ మూటలు రాకుండా కాపలా గట్టి చేసుకునేందుకు. ఆ ఫౌండేషన్ పుట్టాక ఇంత పెద్ద గ్రాంటు ఎరగదు. కాగితాల్లో ఒక షరతుంది: వైవిధ్యం, సమానత్వం, అందర్నీ కలుపుకుపోవడం, వీటిని పెంచే పనులేవీ చేయకూడదు. ఈ గ్రాంటు డబ్బుతోనే కాదు, సొంత డబ్బుతో కూడా. తప్పితే ఇచ్చింది వెనక్కి లాక్కోవచ్చు. ఫౌండేషన్ వాళ్లు మాకొద్దని దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.

"పదిహేను లచ్చల డాలర్లొద్దన్నారా?" నాన్న నోరు తెరిచాడు. అంతలో కరెంటు పోయింది. నేనూ పోయాను.

లేచేసరికి సంగతి మారిపోయింది. కబురు తెలిసినవాళ్లు ఎవరికి తోచినంత వాళ్లు ఫౌండేషన్‌కి పంపారు. కొద్ది రోజుల్లోనే లక్షన్నర డాలర్లకి పైగా పోగైంది. సుమారు 300 మంది కొత్తగా సభ్యులయ్యారు. వచ్చిన డబ్బు పోయినదాంట్లో పదో వంతే. అయినా అబ్బాయి ఆ అంకెలు మూడుసార్లు చదివాడు. నా స్క్రీన్ మీద వాడి వేలిముద్ర పడింది.

సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు. అంత కట్టలేనివాళ్లు 25 నుంచీ కట్టొచ్చు. అబ్బాయి కార్డు నంబర్లు కొట్టాడు. వద్దంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ వద్దంది. 2020 నుంచి మన కార్డుల్ని విదేశీ చెల్లింపులు మూసే ఇస్తున్నారు, మనమే అడిగి తెరిపించుకోవాలి. అది వాడికి తెలిసేసరికి వారం పట్టింది. ఈలోగా ఆ ఏడెనిమిది వరసల ప్రోగ్రామ్‌ని ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చని రాసి పైపీఐలో పెట్టాడు. ఎవరు దించుకున్నారో నాకు తెలీదు గానీ, ఉప్మాక మూట కూడా ఇప్పుడు ఆ కొట్లో ఉంది.

కార్తీకమాసం. కొబ్బరికాయల గిరాకీ బాగుంది. నాన్న నడుముకున్న సంచీ విప్పి చిల్లర లెక్కపెడుతూ అడిగాడు: "ఇరవైయైదు డాలర్లంటే మన డబ్బుల్లో ఎంతరా?"

"రెండు వేల పైన."

"పేరు మైకులో సదువుతారా?"

"చదవరు నాన్నా."

కాసేపు ఆలోచించి తన కార్డు తీసి నా కీబోర్డు మీద పెట్టాడు. సరిగ్గా కుంకుమ రాలిన చోట. అబ్బాయి ఆ కార్డుకి విదేశీ చెల్లింపులు తెరిచి నంబర్లు కొట్టాడు. ఓటీపీ నాన్న ఫోన్‌కి వచ్చింది. ఆయన కళ్లజోడు తగిలించుకుని, గొంతు సవరించుకుని, చదివింపులు చదివినట్టే ఒక్కో అంకే గట్టిగా చదివాడు.