కొబ్బరికాయ చేవెళ్లకు, నీళ్లు కాళేశ్వరానికి

చేవెళ్లలో ఏది మొదలుపెట్టినా కలిసొస్తుందని మన నాయకుల గట్టి నమ్మకం. ఎవరికి కలిసొస్తుందని మాత్రం అడగకూడదు. 2003 ఏప్రిల్‌ 9న రాజశేఖరరెడ్డి పాదయాత్ర ఇక్కడే మొదలైంది, మరుసటేడు ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. అంతే, ఊరికి హస్తవాసి పేరొచ్చింది. పార్టీ భేదం కూడా లేదు. 2023 ఏప్రిల్‌లో బీజేపీ వారి విజయ సంకల్ప సభ, ఆగస్టులో కాంగ్రెస్‌ వారి ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్‌. ఎవరు వచ్చినా మైకు బిగించేది ఇక్కడే.

అసలు ముచ్చట 2008 నాటిది. ప్రాణహిత–చేవెళ్ల సుజల స్రవంతికి ఆ ఏడాది ఇక్కడే శంకుస్థాపన చేశారు. అంచనా 38,500 కోట్లు, తడిపేది 16 లక్షల ఎకరాల పైమాట. ప్రాణహితలో నీళ్లున్నాయి, చేవెళ్లకు పేరుంది, మధ్యలో కాలువలే తరువాయి అనుకున్నాం. ఇంతలో రీడిజైన్‌ వచ్చింది. నీళ్లు కాళేశ్వరం దారి పట్టాయి. పోతూపోతూ మా ఊరి పేరును కూడా ప్రాజెక్టులోంచి కడిగేశాయి. నీళ్లు చేసిన పని మాకు తెలిసినంతలో అదొక్కటే.

ఈ వరుసలో తాజా శుభకార్యం మున్సిపాలిటీ. 2024 చివర్లో శాసనసభ ఆమోదించిన 12 కొత్త మున్సిపాలిటీల్లో చేవెళ్ల, మొయినాబాద్‌ రెండూ ఉన్నాయి. ఇదే అభివృద్ధి అన్నారు. కాదని ఎలా అనగలం? బోర్డు మారింది, రబ్బరు స్టాంపు మారింది, పంచాయతీ కార్యదర్శి ఉండే చోటికి కమిషనర్‌ వచ్చారు. రాత్రి పల్లెలో పడుకున్న మనిషి తెల్లారి పట్నంలో లేచాడు. లేచి చూస్తే మంచం అదే, మోరీ అదే, దోమ కూడా అదే. ఉపాధి హామీ పని మాత్రం గ్రామాలకే కాబట్టి గడ్డపార మూలన పడింది. పట్నవాసులకు కూలిపని అడగడం నామోషీ కదా!

మొయినాబాద్‌ కథ ఇంకా రసవత్తరం. గండిపేట, హిమాయత్‌సాగర్‌ చెరువుల్లోకి మురుగు చేరకూడదని 1996 మార్చి 8న 111 జీవో తెచ్చారు. 84 ఊళ్లు, లక్షా ముప్పైరెండు వేల ఎకరాలు. కాలనీలు వద్దు, ఫ్యాక్టరీలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు. రైతు బుద్ధిగా విన్నాడు, గులాబీలు పూయించుకున్నాడు. ఫామ్‌హౌస్‌ దొరలు ఇంకా బుద్ధిగా విన్నారు. నాలుగు మామిడి చెట్లు నాటి, నడిమధ్య ఈతకొలను తవ్వి, ఇది వ్యవసాయమన్నారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవో వచ్చి ఆంక్షలు తీసేస్తాం, చెరువు మాత్రం చెడకూడదంది. మరుసటేడు మే నెలలో 111ను పూర్తిగా ఎత్తేస్తామని మంత్రివర్గం తీర్మానించింది. ఏ జీవో బతికుందో, ఏది పోయిందో చిలుకూరు బాలాజీకే తెలియాలి. ఆయన దగ్గరైతే లెక్క ఖచ్చితం, మొక్కుకోవడానికి 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఆఫీసుల్లో 108 ముందే తిరగాలి.

మున్సిపల్‌ చట్టం మొక్కల మీద ఎంతో ప్రేమ చూపిస్తుంది. నాటినవాటిలో 85 శాతం బతక్కపోతే కౌన్సిలర్‌ పదవికే ఎసరు. ఆ పక్కనే బీజాపూర్‌ రోడ్డు మీద తొమ్మిది వందల పైచిలుకు మర్రిచెట్లున్నాయి. వాటిని కాపాడుతూ రోడ్డు వెడల్పు చేయడమెలాగో ముందే ఆలోచించి ఉంటే, విషయం హరిత ట్రిబ్యునల్‌ దాకా పోయేది కాదు. వెడల్పు చేయాల్సింది అప్పా జంక్షన్‌ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లే. ఏళ్లు గడిచాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్‌, తాండూరు బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. అప్పుడు అందరూ వచ్చారు. కొందరు తప్పు చెట్లమీద కూడా వేశారు. కదలని వాటి మీద నింద వేయడం తేలిక. ఫైలు కూడా కదలనిదే గానీ, దాన్నెవరూ ఏమీ అనలేదు.

అయ్యా, అన్ని పార్టీల పెద్దలకూ ఒక్కటే మనవి. మా ఊరి హస్తవాసి మీద మీకున్న నమ్మకానికి దండం. కొన్నాళ్లు ఇక్కడ కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. ఆ 46 కిలోమీటర్లు పూర్తయ్యాక రండి, కొబ్బరికాయ మేమే తెస్తాం.