నీళ్లు దిగిపోయిన కోట

స్కాట్లండ్‌లోని కిన్రాస్ ఒడ్డున పడవెక్కి లాక్‌లెవెన్ కోటకు వచ్చేవాళ్లంతా అడిగే ప్రశ్న ఒక్కటే: స్కాట్లండ్ రాణి మేరీని బంధించిన గది ఏది? వినీ వినీ కోట మనసు విరిగింది. ఆమె అక్కడ ఉన్నది పదకొండు నెలలు కూడా నిండలేదు. కోట వయసేమో దాదాపు ఏడువందల ఏళ్లు. "నా సంగతీ కాస్త వినిపోండి" అంటుందది.

తన పుట్టుక గురించి పెద్దగా చెప్పదు. దాని గర్వమంతా నీళ్లే. అప్పట్లో ఈ ద్వీపం చాలా చిన్నది. సరస్సు గోడల దగ్గరదాకా ఉండేది. ఐదంతస్తుల బురుజుకు కింద వాకిలి పెట్టలేదు, చెక్కమెట్లెక్కి పై అంతస్తులోంచి లోపలికి వెళ్లాలి.

1335లో ఇంగ్లిష్ పక్షం సేన చుట్టుముట్టింది. లెవెన్ నదికి అడ్డుకట్ట వేసి, సరస్సును పొంగించి కోటను ముంచేయాలని చూశారనీ, కోటను కాస్తున్న అలన్ డి విపాంట్ మనుషులు ఆ కట్టను తెగ్గొట్టారనీ పాత చరిత్రకారులు రాశారు. కోట లొంగలేదు. ఈ కథ చెప్పేటప్పుడు దాని గొంతు లేస్తుంది.

తర్వాత చెరసాలగానే పేరు మిగిలింది. సెయింట్ ఆండ్రూస్ ఆర్చిబిషప్ పాట్రిక్ గ్రాహం 1478లో ఇక్కడే బందీగా కన్నుమూశాడు. ఆయన గదేదని అడిగేవాళ్లు లేరు.

మేరీ మాటొస్తే మాత్రం కోట మెత్తబడుతుంది. 1567 జూన్ 17న తెచ్చారు. ఇరవైనాలుగేళ్ల పిల్ల. కడుపులోని కవలలు పోయారు. ఒంట్లో ఓపిక రాకముందే, జూలై 24న, ఏడాది దాటిన కొడుకు జేమ్స్‌కు సింహాసనం వదిలేస్తున్నట్టు సంతకం చేయించారు. ఒకసారి బట్టలుతికే మనిషి వేషంలో పడవెక్కితే, ఆ తెల్లని చేతులు చూసి పడవవాడు పోల్చుకున్నాడు. 1568 మే 2న విల్లీ డగ్లస్ అనే కుర్రాడు తాళంచెవులు కాజేసి, ఆమెను బయటికి తెచ్చి, గేటుకు తాళం పెట్టి, చెవులు సరస్సులోకి విసిరేశాడు. కాపలావాళ్లు లోపల చిక్కుబడ్డారు.

1675లో సర్ విలియం బ్రూస్ అనే వాస్తుశిల్పి ఈ కోట ఉన్న ఎస్టేటు కొన్నాడు. ఒడ్డున కొత్త భవనం కట్టి, తోటలో నిలబడితే కోట సూటిగా ఎదురుగా కనబడేలా అమర్చాడు. కాపురానికి వద్దనుకున్న కోట కంటికి ఇంపుగా ఉంటే చాలన్నమాట. కప్పు పోయింది. అంతస్తులు కూలాయి. వాన నేరుగా పొయ్యిగూళ్లలోకి కురిసింది. దూరం నుంచి చూస్తే అందమే. లోపల నిలబడినవాళ్లకు తెలుస్తుంది ఆ చలి.

అసలు దెబ్బ 1830ల్లో తగిలింది. దిగువ మిల్లులకు నీళ్లందించాలనీ, ఒడ్డున సాగునేల తేలాలనీ సరస్సు మట్టాన్ని నాలుగడుగులకు పైగా దించారు. ద్వీపం పెరిగింది, కోట గోడలు మట్టిమీద మిగిలాయి. నీళ్లు పెంచి శత్రువు చేయలేనిది, నీళ్లు తీసి సొంతవాళ్లు చేశారని కోట బాధ.

1939 నుంచి ప్రభుత్వ సంరక్షణలో ఉంది. మీరెప్పుడైనా వెళితే, గది అడిగే ముందు పడవ దిగినచోట పచ్చికమీద ఒక్క నిమిషం ఆగండి. అందులో చాలామటుకు ఒకప్పుడు సరస్సే.