కడియం బండి సూత్రాలు: కంటకోద్ధారిణీ వ్యాఖ్యా సహితం

అవతారిక

సంక్రాంతి వెళ్ళిన తర్వాత నెల్లూరు సీమలోని అనుమసముద్రంపేట దర్గా వీధిలోకి మొక్కల బండి ఒకటి వస్తుంది. తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల్లో సరుకు నింపుకుని, దారిలో ఊరూరా దించుకుంటూ ఇక్కడిదాకా వస్తుంది. ఆ బండి అబ్బాయికీ, గడపలోంచి బేరమాడే ఇల్లాలికీ మధ్య నడిచే సంవాదమే ఈ గ్రంథం. కర్త పేరు దొరకదు. బండి మారినా, అబ్బాయి మారినా పాఠంలో అక్షరం మారదు కనుక దీన్ని అపౌరుషేయం అనుకున్నా తప్పులేదు.

పువ్వు గురించి ఇంత శాస్త్రమా అని ఈ సీమలో ఎవరూ అడగకూడదు. 1514లో ఉదయగిరి దుర్గాన్ని పట్టుకున్న కృష్ణదేవరాయలే, ఒక పిల్ల తాను ముడుచుకుని విడిచిన పూలదండ మీద కావ్యం రాశాడు. ఆ ఆముక్తమాల్యదకు వ్యాఖ్య రాసినవాడు నెల్లూరు సీమ పండితుడు వేదం వేంకటరాయశాస్త్రి. శృంగారనైషధానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. మాది అంత దూరం పోదు. వేలికి దిగిన ముల్లు తీస్తే చాలు, అందుకే కంటకోద్ధారిణి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటిది మా వల్ల కాదు. రెండోది ప్రయత్నిస్తాం.

మొదటి సూత్రం

“రండమ్మా, కడియం రోజాలు! తీసుకెళ్ళిన రోజే పువ్వండి, ఆయ్.”

టీక: రండమ్మా = బహువచనం గౌరవార్థకం, వచ్చేది ఒకరే అయినా; కడియం రోజాలు = కడియంలో అంటు కట్టిన రోజామొక్కలు; తీసుకెళ్ళిన రోజే = ఆ దినమందే; పువ్వండి = పువ్వు గలదు; ఆయ్ = గోదావరి అవ్యయం, ఒప్పుకోలు, భరోసా, బేరం మూడూ దీని అర్థాలే.

తాత్పర్యం: ఈ మొక్క ఇంటికి చేరిన రోజున పువ్వుతో ఉంటుంది.

విశేషం: ‘రోజే’ అన్నచోట ఏవకారాన్ని గమనించాలి. ఆ రోజే, మర్నాడు కాదు. అబ్బాయి అబద్ధం చెప్పలేదు. నీడ వలల కింద, తడిగాలిలో, మనిషి వెంట ఉండి పెంచిన మొక్క అది. లారీలో రోజుల తరబడి కదిలి, పడమటికి, ఎండిన గాలిలోకి వచ్చి పడింది. వచ్చిన వారంలో ఉన్న పువ్వు రాలుతుంది, ఆకులు పండుతాయి. ఇది చావు కాదు, స్థలం మారినందుకు మొక్క పట్టే అలక. ఆ వారం పది రోజులు చెట్టునీడలో ఉంచి, ఎరువు పెట్టకుండా ఊరుకోవాలి. ఇల్లాళ్ళు చాలామంది ఆ వారంలోనే జాలిపడి గుప్పెడు డీఏపీ వేస్తారు. జాలి ఇక్కడ దోషం.

శంక: అయితే పువ్వు చూసి కొనవద్దా?

సమాధానం: వద్దు. పువ్వు వారంలో పోతుంది, కొమ్మలు మిగులుతాయి. కనుక కొమ్మలు చూడాలి. అంటు పైనుంచి లేచిన లావాటి కొమ్మలు రెండు మూడు ఉండాలి. కొసన ఎర్రటి లేతచిగురు ఉండాలి. ఆకు తిరగేసి చూస్తే సన్నని బూజు గూడు, దుమ్ములాంటి చుక్కలు కనిపించకూడదు; కనిపిస్తే ఎర్రనల్లి కూడా మీతో ఉచితంగా ఇంటికి వస్తుంది. ఒకే సన్నకొమ్మ మీద మూరెడు పువ్వు నిలబెట్టుకున్న మొక్కను బండివాడు ముందువరసలో పెడతాడు. వెనకవరసలో పువ్వు లేకుండా నిలబడ్డ మొద్దుమొక్కే ఉత్తమం.

అబ్బాయి ఫోనులో నీలం గులాబీ బొమ్మ కూడా చూపిస్తాడు. అది ప్రక్షిప్తం. గులాబీ జాతిలో నీలిమనిచ్చే డెల్ఫినిడిన్ అనే రంగుపదార్థం లేదు. జపానులో సంటోరీ కంపెనీ పాన్సీ పువ్వు నుంచి జన్యువు తెచ్చి ఎక్కించి 2004లో నీలం గులాబీ సాధించామని ప్రకటించింది. 2009లో అమ్మకానికి పెట్టింది. చూస్తే అది ఊదా. అంత తిప్పలు పడ్డ కంపెనీకే అందని నీలం బండిమీద దొరకదు.

రెండో సూత్రం

“ఎంతబ్బయా? ఆ ఎర్రదియ్యి, పెద్దపువ్వుండేది.” “రెండొందలండి. మీరు గనక నూటయాభై.”

టీక: అబ్బయా = నెల్లూరు సంబోధన, వయసుతో నిమిత్తం లేదు; ఎర్రది, పెద్దపువ్వుండేది = హైబ్రిడ్ టీ; మీరు గనక = ఎవరైనా గనక.

తాత్పర్యం స్పష్టం.

విశేషం: బేరం సంగతి వ్యాఖ్యాతకు అక్కర్లేదు. రకం సంగతే మాట్లాడాలి, ఎందుకంటే ఇల్లాలు ఇక్కడే తప్పటడుగు వేసింది. హైబ్రిడ్ టీ అంటే పొడుగుకాడ మీద ఒక్కటే పెద్దపువ్వు పూసే జాతి. 1867లో ఫ్రాన్సులో గీయో పుట్టించిన లా ఫ్రాన్స్‌ను ఈ వంశానికి మొదటిదంటారు. అంతకుముందు యూరపు గులాబీల్లో చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూసేవి. చైనా గులాబీలు అక్కడికి చేరి, సంకరమై, మళ్ళీ మళ్ళీ పూసే గుణం ఇచ్చాయి. మనం ‘నెలనెలా పూస్తుందా అబ్బయా’ అని అడిగేది ఆ చైనా ముత్తవ్వ గుణాన్నే. అయితే ఆకారం కోసం, పూలగుత్తిలో నిలవ కోసం ఎంచుకుంటూ పోయేసరికి చాలా రకాల్లో వాసన పలచబడింది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే అనుమసముద్రంపేట మిద్దె మీద ఆ పెద్దపువ్వు సగానికి సగమై, అంచులు మాడి, రెండో పూట చూడనివ్వదు.

ఈ ఊరికి తగినది నాటు రోజా. పుస్తకాల్లో ఎడ్వర్డ్ రోజా అనేది ఇదే కోవ. దీని పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని బుర్బన్ దీవి, నేటి రీయూనియన్. అక్కడ గులాబీలను కంచెగా నాటేవాళ్ళు. ఆ కంచెలో డమాస్క్ గులాబీ, చైనా గులాబీ కలిసి ఈ జాతి పుట్టింది. కంచెలో పుట్టినది గనక మొండిది. గులాబిరంగు, ముద్దరేకులు, చేతిలో నలిపితే చెయ్యంతా వాసన. కాడ పొట్టి, మెడ వంచుకుంటుంది, అందుకని పూలగుత్తికి పనికిరాదు. పేటలో పూలగుత్తి ఎవరికి కావాలి? హజరత్ ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు వచ్చేవాళ్ళు తీసుకుపోయేది పూల చాదరు, రేకులు. రేకుకు కాడ పొడుగుతో పనిలేదు. వాసన లేని రేకు చాదరు మీద వేస్తే రంగు కాగితమే. సమాధి దగ్గరికైనా, సిగలోకైనా, గుడికైనా ఈ ఊళ్ళో గులాబీకి అర్థం వాసనే అన్నది మా సిద్ధాంతం. దీన్ని ఖండించదలచినవారు ముందు తమ ఎర్రపువ్వును వాసన చూసి రావాలి.

పెద్దపువ్వు మీద మనసు పోయినవాళ్ళకు మధ్యేమార్గం ఉంది. బి. పి. పాల్ అనే శాస్త్రవేత్త గోధుమకు తుప్పు తెగులు తట్టుకునే వంగడాలు తయారుచేస్తూనే, ఖాళీ దొరికినప్పుడల్లా మన ఎండకు నిలిచే గులాబీలు పుట్టించాడు. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయ్యాడు. ఆయన చేసిన రోజ్ షర్బత్ పేరుకు తగ్గట్టు ఘుమఘుమలాడే రకం. బండి అబ్బాయిని ఆ పేరు అడిగి చూడండి. ‘ఆయ్, ఇదేనండి’ అని ఏదో ఒకటి చూపిస్తాడు.

మూడో సూత్రం

“అంటు కిందనించి కొమ్మొస్తే కోసెయ్యండమ్మా. ఏడాకులదొచ్చిందంటే అది మన చెట్టు కాదండి.”

టీక: అంటు = కన్ను కట్టిన ముడి; కిందనించి = ముడికి దిగువనుండి; ఏడాకులది = ఒక ఈనెకు ఏడు చిన్నాకులు గలది; మన చెట్టు కాదు = డబ్బు పెట్టి కొన్నది కాదు.

తాత్పర్యం: మీరు కొన్నది ఒక మొక్క కాదు, రెండు.

విశేషం: గ్రంథం మొత్తంలో ఇదే మహావాక్యం. తక్కినవి అర్థవాదాలు. నర్సరీలో ముందు మల్టీఫ్లోరా వంటి అడవి గులాబీని నాటి, దాని కాండం బెరడు మీద టీ ఆకారంలో గాటుపెట్టి, కావలసిన రకం కన్నును అందులో చొప్పిస్తారు. కన్ను అతుక్కుని చిగురిస్తే పై కొమ్మ కోసేస్తారు. ఇక వేరు ఒకరిది, పువ్వు ఒకరిది. కింది మొక్కకు తన తల పోయిన సంగతి ఎప్పుడూ మరపు రాదు. సందు దొరికితే ముడి కిందనుంచి చిగురు తోస్తుంది. ఆ చిగురు చాలా చురుగ్గా, పచ్చగా, నిటారుగా వస్తుంది. మొక్క భలే అందుకుందని ఇల్లాలు మురుస్తుంది. ఏడాది తిరిగేసరికి పైది ఎండిపోయి, కుండీ నిండా అడవి గులాబీ ఉంటుంది. అది ఏడాదికి ఒక విడత చిన్నచిన్న తెల్లపూలు గుత్తులుగా పూసి ఊరుకుంటుంది. మూలం మిగిలి వ్యాఖ్య పోయిన పుస్తకం అన్నమాట.

శంక: ఏడాకులుంటే చాలు, కోసెయ్యవచ్చా?

సమాధానం: తొందర కూడదు. సంకర గులాబీకి సాధారణంగా అయిదాకులు. కానీ బలమైన కొమ్మకు ఒక్కోసారి ఏడూ వస్తాయి. నాటు రోజాకూ వస్తాయి. ఆకు లెక్క అనుమాన ప్రమాణం. కొమ్మ ఎక్కడనుంచి లేచిందో మన్ను తొలగించి చూడటం ప్రత్యక్ష ప్రమాణం. ప్రత్యక్షమే బలీయం. ముడికి దిగువ అని తేలాక కత్తెరతో నేలమట్టానికి కోయకూడదు, కోస్తే ఒకటి మూడవుతుంది. వేరు దగ్గర పట్టుకుని పెరికెయ్యాలి. మొదట నాటేటప్పుడే ముడిని మన్నుకు రెండంగుళాలు పైన ఉంచితే ఈ విచారణ అంతా సులువు.

నాలుగో సూత్రం

“నీళ్ళు రోజూ పొయ్యొద్దండి. మన్ను ఎండితేనే పొయ్యండి.”

టీక అనవసరం.

విశేషం: ఇందులో రెండు వాక్యాలున్నాయి, రెండూ ఒకటే అనుకోవడం పొరపాటు. మొదటిది ఉత్సర్గం, రెండోది దానికి అపవాదం. జనవరిలో రోజూ పోస్తే వేరు కుళ్ళుతుంది. మే నెలలో రోజుకు రెండుసార్లు పోయకపోతే కుండీ సాయంత్రానికి బొగ్గు. కనుక పట్టుకోవలసింది రెండో వాక్యాన్నే. వేలు రెండంగుళాలు మన్నులోకి దించి తడి తెలియకపోతే పొయ్యాలి. క్యాలెండరు చూసి పొయ్యకూడదు.

ఇక్కడ ఒక చిక్కు. కడియం మొక్క వేళ్ళ చుట్టూ గోదావరి ఒండ్రుమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో వేళ్ళు కదలకుండా అది మంచిదే. మన వదులైన ఎర్రమట్టిలో ఆ ముద్దను అలాగే పాతితే మాత్రం, అది గట్టిపడి, పోసిన నీళ్ళు చుట్టూ జారిపోతాయి. పైన తడి, లోపల కరువు. నాటే ముందు ముద్దను బకెట్ నీళ్ళలో నానబెట్టి, వెలుపలి మట్టి చేత్తో మెల్లగా కరిగించాలి. సన్నవేళ్ళు తెగకూడదు. తర్వాత ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపి, పిడికెడు వేపపిండి చేర్చి, అడుగున బెజ్జమున్న పన్నెండంగుళాల కుండీలో పెట్టాలి. పొద్దుటి ఎండ ఆరుగంటలు తగలాలి. వేసవిలో మధ్యాహ్నం నీడ చాలు, చాదరు కప్పనక్కర్లేదు.

పోసే నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. పడమటి మండలాల బోరునీళ్ళలో ఉప్పులెక్కువ. కుండీ అంచున తెల్లగా పేరుకునేది అదే. గులాబీకి కాస్త పులుపు మట్టి ఇష్టం. సున్నపు నీళ్ళు తాగితాగి చిగురాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము అందని గుర్తు అది. వాన పడ్డప్పుడు పట్టుకున్న నీళ్ళు దీనికి దివ్యౌషధం. ఏ నీళ్ళైనా పొద్దున్నే, మొక్క మొదలు దగ్గర పొయ్యాలి. సాయంత్రం ఆకులమీద చల్లితే రాత్రంతా తడి ఆరదు. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు బీజం మొలకెత్తడానికి చాలు.

పూర్వవ్యాఖ్యాతల మతాలు: ‘ఉల్లితొక్కల నీళ్ళు పొయ్యాలి’ అని పక్కింటివారు. ‘కోడిగుడ్డు పెంకులు’ అని ఎదురింటివారు. ‘వాడిన టీపొడి’ అని ఫోనువ్యాఖ్యాత. పెంకులో సున్నం ఉన్నమాట నిజమే, అది మట్టిలో కరిగేనాటికి కుండీ మారుతుంది. పైగా మన నీళ్ళలో సున్నానికి కరువా? టీపొడి చక్కెర కడగకుండా వేస్తే చీమల పెళ్ళి. ఉల్లితొక్కల మతం హాని చెయ్యదు, కనుక ఖండించం.

కత్తిరింపు గురించి మూలకారుడు మౌనం. పుస్తకాలు అక్టోబరులో కత్తిరించమంటాయి. అది ఢిల్లీ పాఠం. అక్కడ అప్పటికి వానలు వెళ్ళిపోతాయి. మనకు అక్టోబరులోనే మొదలై డిసెంబరుదాకా ఈశాన్య రుతుపవనం, మధ్యలో వాయుగుండాలు. అప్పుడు కోస్తే కోసిన కొసన నీరు నిలిచి, కొమ్మ పైనుంచి కిందికి నల్లబడుతూ ఎండిపోతుంది. నెల్లూరు పాఠం ఇది: వానలు తెరిపిచ్చాక, డిసెంబరు చివర, జనవరి మొదట్లో కోయాలి. బయటివైపు చూసే కన్నుకు కొంచెం పైన, ఏటవాలుగా. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయాలి. ఆరేడు వారాలకు పువ్వు, అంటే ఎండలు ముదరకముందే. బండి మీద కొత్తగా కొన్నదానికి ఆ ఏడు ఈ విధి వర్తించదు. వాడిన పూలు తుంచితే చాలు.

అయిదో సూత్రం

“బతక్కపోతే మళ్ళీ వచ్చినప్పుడు మార్చిస్తానండి, ఆయ్.”

టీక: బతక్కపోతే = చనిపోయిన పక్షమందు; మళ్ళీ వచ్చినప్పుడు = కాలనిర్దేశం లేదు; మార్చిస్తాను = ఇంకొకటి అమ్ముతాను.

విశేషం: మొక్క చచ్చిందని తేల్చడానికీ పద్ధతి ఉంది. గోటితో బెరడు గీరి చూడాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది. ఎక్కడిదాకా ఎండిందో అక్కడిదాకా కోసి, పచ్చ కనిపించిన చోట ఆగి, నీడకు మార్చాలి. గోధుమరంగే కనిపిస్తే ముడి కింద కూడా గీరి చూడాలి. అక్కడ పచ్చగా ఉంటే అడవి గులాబీ మిగిలింది. దాన్ని ఉంచుకోవడం, పీకడం ఇంటివారి ఇష్టం.

నాటు రోజాకు ఈ సూత్రంతోనే పనిలేదు. దానికి అంటు అక్కర్లేదు, స్వంత వేరు మీదే నిలుస్తుంది. వీధిలో ఎవరింట ఉంటే వారిని అడిగి, పెన్సిలు లావు ముదురుకొమ్మ జానెడు తీసుకుని, సగందాకా మన్నులో గుచ్చి, తడి ఆరకుండా నీడలో ఉంచితే కొత్త మొక్క. వానలు పడుతున్న నెలల్లో గుచ్చితే మేలు. ఒకటి కాదు, నాలుగు గుచ్చండి, అన్నీ నాటుకోవు. పేటలో ఈ చెట్టు దొరకని వీధి ఉండదనే మా నమ్మకం. బండిమీద వెతికితే మాత్రం కనపడకపోవచ్చు. అడిగితే ఇచ్చేదాన్ని ఎవరు లారీకెత్తి తెస్తారు?

“సరే, ఇట్టియ్యి అబ్బయా” అని ఇల్లాలు అనడంతో సంవాదం సమాప్తం. ఆమె తీసుకున్నది ఆ పెద్ద ఎర్రదే. వ్యాఖ్యాతను ఎవరూ అడగలేదు.