‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’: సటీక తాత్పర్యం

అవతారిక: డేటాబేస్ నిలిచిపోయి, వెబ్‌సైటు వచ్చినవారికల్లా 500 నంబరు ఎర్రర్ పంచిపెడుతున్న అర్ధరాత్రి వేళ, లేచి సర్వర్లోకి లాగిన్ అయిన సిస్టమ్ అడ్మిన్‌తో లినక్స్ కెర్నెల్ ఇట్లనియె.

మూలం: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్.

ప్రతిపదార్థం: డివైస్ ఆన్ = డిస్కు మీద; లెఫ్ట్ = మిగిలిన; స్పేస్ = చోటు; నో = లేదు.

తాత్పర్యం: డిస్కు నిండింది.

విశేషాలు: గైడు పుస్తకాలు ఇక్కడితో చాలిస్తాయి. పింగళి సూరన రాఘవపాండవీయానికి రెండర్థాలు, ఎలకూచి బాలసరస్వతి రాఘవ యాదవ పాండవీయానికి మూడు. ఈఎన్ఓఎస్‌పీసీ అనే ఈ 28వ నంబరు ఎర్రర్ చతురర్థి. ఏ అర్థమో తేల్చుకోకుండా ఫైళ్లు తుడిచేవాడు పద్యం చదవకుండా పరీక్ష రాసేవాడే.

మొదటిది వాచ్యార్థం. డీఎఫ్ మైనస్ హెచ్ కొడితే నూరు శాతం కనబడుతుంది. ఏది మింగిందో చూడాలంటే డీయూకి మైనస్ ఎక్స్ చేర్చి నడపాలి; అప్పుడది పక్క పార్టిషన్లలోకి చొరబడి లెక్క చెడగొట్టదు. దొంగ సాధారణంగా వార్ ఫోల్డర్లోనే దొరుకుతాడు: లాగులు, డాకర్ పాత ఇమేజీలు, ఎవరో ‘తాత్కాలికంగా’ పెట్టిన బ్యాకప్పు. సిస్టమ్‌డీ జర్నల్ పాపం మితభోజి. మనం వేరే హద్దు పెట్టకపోతే పార్టిషన్లో పదో వంతు, అదీ 4 జీబీ దాటకుండా తింటుంది.

రెండో అర్థంలో ‘నీకు’ అనే పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను తయారు చేసేటప్పుడే 5 శాతం చోటు రూట్ యూజర్ కోసం పక్కన పెడతారు. కనుక ‘నీకు చోటు లేదు, రూట్‌కు ఉంది’ అని అన్వయం. నాలుగు టీబీ డిస్కులో ఇది 200 జీబీ! డేటా మాత్రమే ఉండే డిస్కయితే ట్యూన్2ఎఫ్ఎస్‌తో ఒక శాతానికి దించుకోవచ్చు. రూట్ పార్టిషన్లో మాత్రం ముట్టుకోవద్దు. రేపు మీరు లాగిన్ అయి మరమ్మతు చేసుకునేది ఆ చోటుతోనే.

శంక: డీఎఫ్ నిండిందంటుంది, డీయూ సగమే ఉందంటుంది. రెండూ ప్రమాణాలే కదా, ఏది నమ్మాలి?

సమాధానం: రెండూ నిజమే చెబుతున్నాయి. డీయూ మతంలో పేరున్న ఫైలే ఫైలు. డీఎఫ్ మతంలో పేరు పోయినా బ్లాకులు ఖాళీ అయ్యేదాకా ఫైలుంటుంది. లినక్స్‌లో ఆర్ఎం చేసేది ఫోల్డర్లోంచి పేరు తీసేయడమే. ఏదైనా ప్రోగ్రాము ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా చోటు తిరిగి రాదు. ముప్పై జీబీ లాగు తుడిచేశాననుకుంటారు. దాన్ని రాస్తున్న సర్వీసు ఆ పేరులేని ఫైల్లోనే నిశ్చింతగా ఇంకా రాస్తూ ఉంటుంది. ఎల్ఎస్ఓఎఫ్‌కి ప్లస్ ఎల్1 చేర్చి అడిగితే ఇలాంటి ప్రేతాల జాబితా ఇస్తుంది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే చోటు వెనక్కి వస్తుంది. అందుకే నడుస్తున్న లాగును తుడవకూడదు, ట్రంకేట్‌తో సున్నా సైజుకి తేవాలి. ఈ ఒక్కటి తెలియక డిస్కులు కొన్న ఆఫీసులు ఎన్నో ఉంటాయని ఈ వ్యాఖ్యాత గట్టి అనుమానం.

మూడో అర్థంలో ‘చోటు’ అంటే ఐనోడ్. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ కావాలి. ఈఎక్స్‌టీ4 మామూలుగా ప్రతి 16 కేబీకి ఒకటి చొప్పున, ఫార్మాట్ చేసిన రోజే లెక్కగట్టి పెడుతుంది. ఉన్న డిస్కులో తర్వాత పెంచుకునే వీల్లేదు. పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు లక్షలకు లక్షలు పేరుకుంటే, జీబీలు ఖాళీగా ఉన్నా కెర్నెల్ ఇదే మాటంటుంది. డీఎఫ్ మైనస్ ఐ చూస్తే గుట్టు తెలుస్తుంది. వాటిని ఆర్ఎం నక్షత్రంతో తుడవబోతే ‘ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్’ అని మరో పద్యం ఎదురవుతుంది. ఫైండ్ కమాండుకి డిలీట్ చేర్చి వాడాలి. ఎక్స్ఎఫ్ఎస్ వాడేవారికి ఈ బాధ తక్కువ, అది అవసరాన్ని బట్టి ఐనోడ్లు పుట్టించుకుంటుంది.

నాలుగోది లక్షణార్థం. ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడు లక్షణను ఆశ్రయించాలని ఆలంకారికులు చెప్పారు. డిస్కూ ఖాళీ, ఐనోడ్లూ ఖాళీ, అయినా అదే ఎర్రర్! ఫైళ్లలో మార్పులు కనిపెట్టే ఐనోటిఫై కాపలాల పరిమితి దాటినా కెర్నెల్ ఈ 28నే మళ్లీ వాడుతుంది. పాత కెర్నెళ్లలో ఒక్కో యూజర్‌కు 8192 కాపలాలే, 5.11 నుంచి మెమరీని బట్టి పెరుగుతాయి. కోడ్ ఎడిటర్లు, నోడ్ ప్రాజెక్టులు వాడేవారికి ఇది చిరపరిచితం. మ్యాక్స్ యూజర్ వాచెస్ పెంచితే శాంతిస్తుంది. వేరే నంబరు దొరకలేదా అని అడిగితే కవి నిరంకుశుడని సమాధానం.

ముందుజాగ్రత్తల మీద పెద్ద వ్యాఖ్య అక్కర్లేదు. లాగ్‌రొటేట్ పెట్టుకోండి, 80 శాతం దగ్గరే హెచ్చరిక మోగేలా చూసుకోండి. ఒక జీబీ ఉత్త ఫైలు పడేసి ఉంచుకుంటే ఆపదలో దాన్ని తుడిచి ఊపిరి పీల్చుకోవచ్చు. మొరటు ఉపాయమే, పనిచేస్తుంది.

పాఠాంతరం: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీజీ ఎక్స్‌లాగ్ అనే ఫోల్డర్ ఉండేది. డిస్కు నిండిన కంగారులో పేరులోని ‘లాగ్’ను చూసి, ఉత్త లాగులే కదా అని దాన్ని ఖాళీ చేసినవారున్నారు. అందులో ఉండేది డేటాబేస్ ప్రాణం: క్రాష్ అయితే తిరిగి లేవడానికి ఆధారమైన రికార్డులు. పాఠకుల అపార్థాలకు జడిసి మూలకర్తలే పాఠం దిద్దుకున్నారు. 2017లో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఆ ఫోల్డర్ పేరు పీజీ వాల్.