రుజువు

విజయవాడలో ఓ చిట్‌ఫండ్ కంపెనీ. 2025 జూన్‌లో ఓ శనివారం రాత్రి సర్వర్‌ను ఉబుంటు 20.04 నుంచి 22.04కి మార్చారు. చివర్లో తెర మీద ఓ ప్రశ్న: వాడుకలో లేని పాత ప్యాకేజీలు తీసెయ్యాలా? సిస్టమ్స్ చూసే కుర్రాడు 'వై' కొట్టి ఇంటికెళ్లాడు.

సోమవారం పది గంటలకు కౌంటర్ ముందు చందాదారులు బారులు తీరారు. రసీదుల ప్రోగ్రాం తెరుచుకోలేదు. 'లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1' అనే ఫైలు దొరకడం లేదని ఒక్క లైను చూపించి ఆగిపోయింది.

కట్టిన డబ్బు వివరాలు బ్యాంకుకు గోప్యంగా చేరవేసేది ఆ లైబ్రరీయే. 22.04లో ఉండేది దాని తర్వాతి తరం, 3. ప్రోగ్రాంకి కావలసిన లైబ్రరీలను చూపించే ఎల్‌డీడీ కమాండ్‌ను కుర్రాడు కొట్టి చూశాడు. రెండు లైబ్రరీల పేర్ల ఎదురుగా 'నాట్ ఫౌండ్' అని ఉంది.

ఉన్నదానికే పాత పేరు తగిలించమని ఫోన్‌లో స్నేహితుడు చెప్పాడు. కుర్రాడు లింకు పెట్టాడు. ఈసారి ఫైలు దొరికింది గానీ, అందులో తనకు కావలసిన 1.1.0 లేదంది ప్రోగ్రాం. లైబ్రరీ పేరు చివర అంకె ఊరికే మార్చరు. ప్రోగ్రాములతో కలిసే అమరిక మారితేనే మారుస్తారు. పాత అమరిక పేరు మార్చినంత మాత్రాన తిరిగి రాదు.

"ప్రోగ్రాంని కొత్త లైబ్రరీతో మళ్లీ బిల్డ్ చేయించాలి సార్" అంది కొత్తగా చేరిన అమ్మాయి.

ప్రోగ్రాం రాసిచ్చినవాళ్లకు ఫోన్ చేశారు. రెండు వారాలు పడుతుందన్నారు.

"మూడింటికి పాట ఉందయ్యా. రెండు వారాలంటే ఎట్లా?" అన్నాడు మేనేజరు.

కుర్రాడు లింకు పీకేశాడు. నెట్‌లో వెతికితే పాత లైబ్రరీ ప్యాకేజీ దొరికింది. దించి, చేత్తో ఎక్కించాడు. ప్రోగ్రాం తెరుచుకుంది. ప్రింటర్ రసీదులు కక్కడం మొదలుపెట్టింది. మేనేజరు అందరికీ టీ చెప్పాడు. పాట వేళకే జరిగింది.

సాయంత్రం అప్‌గ్రేడ్ రిపోర్టు రాసే పని కొత్తమ్మాయికి అప్పగించారు. తేదీల కోసం ఆమె సర్వర్‌లో ప్యాకేజీల లాగ్ తెరిచింది. రెండు లైన్ల దగ్గర ఆగింది.

శనివారం: తీసివేత, లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1, వెర్షన్ 1.1.1ఎఫ్-1ఉబుంటు2.24.

సోమవారం: స్థాపన, లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1, వెర్షన్ 1.1.1ఎఫ్-1ఉబుంటు2.

మిగతాదంతా ఒకటే. రెండోదానికి చివర చుక్క లేదు, 24 లేదు. భద్రతా లోపం బయటపడినప్పుడల్లా ఉబుంటువాళ్లు దాన్ని సరిచేసి ఆ చివరి అంకె పెంచుతూ వచ్చారు. శనివారం పోయింది అయిదేళ్ల మరమ్మతులు పడ్డ లైబ్రరీ. సోమవారం వచ్చింది 2020 ఏప్రిల్‌లో 20.04తో పాటు విడుదలైనది. 22.04లో ఆ లైబ్రరీయే లేదు కాబట్టి 22.04 అప్‌డేట్లేవీ దాని జోలికి రావు.

రిపోర్టు ఎవరికి పంపాలో చూద్దామని ఆమె ఫైల్లో ఆడిటర్ ఉత్తరం తీసింది. అందులో ఒకే ఒక్క అభ్యంతరం ఉంది. లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1కి దాన్ని తయారుచేసినవాళ్లే 2023 సెప్టెంబరు 11తో మద్దతు ఆపేశారు, మీ సర్వర్‌లో అది ఇంకా ఉంది, సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేసి దాన్ని తొలగించి రుజువు పంపండి.

ఉత్తరం, లాగ్ రెండూ పట్టుకెళ్లి మేనేజరు ముందు పెట్టింది. ఆయన రెండూ నిదానంగా చదివాడు.

"శనివారం తీసేశామా లేదా?"

"తీసేశాం సార్. కానీ..."

"మరింకేం! ఆ మొదటి లైను ప్రింటు తీసి జతచెయ్యమ్మా."